ఎర్ర పట్టీ పక్కన నిలబడి

నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెబితే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. గుడ్డ మీద గీసిన పటం పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, అందులో ఏముందో వచ్చినవాళ్ళకు నోటితో చెప్పడం నా పని. యుద్ధం రోజుల్లో చదువుల ఆఫీసువాళ్ళు ఊరూరా ప్రదర్శనలు పెట్టేవాళ్ళు. ఎన్ని బళ్ళున్నాయి, ఎంతమంది పిల్లలు చేరారు, కాలేజీ చదువు ఎవరు ఎంతవరకు చదివారు, అన్నీ పటాలే. చూడవచ్చేవాళ్ళలో చదవగలిగినవాళ్ళు తక్కువ. అందుకని చెప్పే మనిషి ఒకరు కావాల్సి వచ్చింది. ఆ మనిషిని నేను.

ఇప్పుడు ఈ పనికి పేరు మారింది, జీతం పెరిగింది, మైకు కూడా వచ్చింది. మొన్న ఒక అమ్మాయి కొత్తగా చేరి, "జయమ్మ పెద్దమ్మా, నాకేమైనా చెప్పు" అంటూ మా ఇంటికి వచ్చింది. నోటితో చెబితే కాఫీ చల్లారేలోగా మరచిపోతావు, రాసి ఇస్తాలే అన్నాను. ప్రమోషన్లు, ఆర్డర్లు, ఎవరు ఎవరి కుర్చీ లాగారన్న గొడవలు ఇందులో రాయను. అవి ఏ ఆఫీసులో అయినా ఒకటే.

నా పటం

నాకు అప్పగించింది కాలేజీ పటం. తెల్లటి లాంగ్‌క్లాత్ మీద అడుగున ఒక అడ్డగీత. ఆ గీత మీద ఇంటర్మీడియట్, బి.ఎ., ఎం.ఎ. అని వరసగా రాసి ఉండేది. ఒక్కో చదువు దగ్గర రెండేసి నిలువు పట్టీలు. నీలం మగవాళ్ళది, ఎరుపు ఆడవాళ్ళది. ఆ ఏడు ఆ పరీక్ష ఎంత ఎక్కువమంది ప్యాసైతే పట్టీ అంత పొడవు. ఇంటర్మీడియట్ దగ్గర నీలం నా తలను మించి పోయేది, ఎరుపు మూరెడు ఎత్తులో ఆగిపోయేది. బి.ఎ. దగ్గర ఎరుపు జానెడు. ఎం.ఎ. దగ్గరికి వస్తే వేలెడు కూడా లేదు. దూరం నుంచి చూసినవాళ్ళు గుడ్డకు ఏదో మరక అంటిందనుకునేవాళ్ళు.

గుడ్డకు కంట్రోలు ఉన్న కాలం అది. కొత్త లెక్కలు వచ్చినా కొత్త గుడ్డ దొరికేది కాదు. పాతదాన్నే ఉతికించి, దాని మీదే మళ్ళీ గీయించేవాళ్ళు. నీలం వదిలేది గానీ ఎరుపు ఒక పట్టాన వదిలేది కాదు. ఆ మడతలు విప్పితే వచ్చే జిగురు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్కసారి మళ్ళీ ఆ వాసన చూడాలనిపిస్తుంది. ఆ గుడ్డ ఎప్పుడో మసిబట్ట అయిపోయి ఉంటుంది.

ఆ మూరెడు ఎర్ర పట్టీలో నేనూ ఉన్నాను. మదనపల్లె కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాను. బి.ఎ.కి మద్రాసులో సీటు వచ్చింది. ఆ ఎండాకాలమే మా నాన్న పోయాడు. తమ్ముడు బడిలో ఉన్నాడు. ఇంట్లో ఒక్కరినే చదివించగలం అన్నప్పుడు ఆ ఒక్కరు ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈ ఉద్యోగంలో చేరాను.

మదనపల్లెలో వాన

మొదటి రోజు సంతనాడు, మదనపల్లెలో. నాకేమో ఇంగ్లీషు దంచి ఇంటర్మీడియట్ ప్యాసైన గర్వం. పటం ముందు నిలబడి, ఇక్కడ నీలం ఎక్కువ, ఇక్కడ ఎరుపు తక్కువ, ఇది దీనికి ఇన్ని రెట్లు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. జనం బుద్ధిగా తలలూపారు. నేను ఉబ్బిపోయాను.

చివర్లో బి.కొత్తకోట రైతు ఒకాయన ముందుకొచ్చాడు. "బాగ చెప్తివి తల్లీ. ముందొచ్చే ముంగారు వాన బాగనే పడిండాది, వెనకొచ్చే హింగారే దెబ్బ తీసిండాది. ఇది మా పక్క వానా, పుంగనూరు పక్క వానా?" అని అడిగాడు.

ఈ పటం దేని గురించో నేను అసలు చెప్పనే లేదు! అంతసేపూ హాలంతా వాన లెక్క అనుకునే విన్నారు. ఎం.ఎ. దగ్గరి ఎర్ర పట్టీ చూసి ఆ ఏడు కరువు కాబోలని ఒక ముసలాయన నిట్టూర్చాడు కూడా.

మా పై అధికారి పార్వతి అమ్మాళ్ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసింది. అరవ దేశం మనిషి, ఎం.ఎ. చదివింది. అంటే ఆ మరకలాంటి పట్టీలో ఆమె ఒకతె. సన్నగా, నిటారుగా ఉండేది. నవ్వితే ఆఫీసు మొత్తం భయపడేది. ఆ రోజు నవ్వింది.

"ఇంద పారమ్మా, ఇటు చూడు," అంది, "ముందు ఇది దేని పటమో చెప్పు. తర్వాత ఏ రంగు ఎవరిదో చెప్పు. తర్వాత అన్నిటికన్నా పొడవేది, పొట్టిదేది. అంతటితో నోరు మూసుకో. పటంలో లేనిది చెప్పవద్దు. ఎందుకు పొట్టి అని అడుగుతారు. అది పటానికి తెలియదు, నీకూ తెలియదు."

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను కూడా ఇదే చెబుతాను. మన పని వర్ణించడం, తీర్పు చెప్పడం కాదు. వేలెడు పట్టీని చూపించి అయ్యో పాపం అన్నామంటే వినేవాళ్ళు పట్టీని చూడరు, మన మొహం చూస్తారు. ఆవిడ పెట్టిన ఈ పద్ధతిని నేను ఉద్యోగమంతా పాటించాను. తప్పింది కుప్పంలో, ఆ వెంటనే ఇంకో ఊళ్ళో. ఆ సంగతికి వస్తున్నాను.

పుంగనూరు

మదనపల్లె నుంచి పుంగనూరుకు బొగ్గు బస్సులో పోయాం. పెట్రోలు దొరక్క బస్సు వెనకాల బొగ్గు పొయ్యి కట్టి నడిపే రోజులు. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నడిచేవాళ్ళం. పటం మడత భుజాన వేసుకుని నేనూ నడిచేదాన్ని. అమ్మాళ్ మాత్రం దిగేది కాదు. ఎం.ఎ. చదివింది ఇందుకేనమ్మా అనేది.

పుంగనూరులో ఆడవాళ్ళకు విడిగా ఒక పూట పెట్టారు. తురకల వీధి ఆడవాళ్ళు, కోమట్ల ఇళ్ళవాళ్ళు, సోమల నుంచి వచ్చిన కాపు ఆడవాళ్ళు, హాలు నిండిపోయింది. మగవాళ్ళ ముందు నోరెత్తనివాళ్ళు ఆ పూట నన్ను ఊపిరి తిప్పుకోనివ్వలేదు. నేను పటం చెప్పడం అయిపోగానే ముందు వరసలో కూర్చున్న హుసేన్‌బీ అనే గాజులమ్మే ముసలామె లేచింది.

"అంతా సరే బేటీ. దీంట్లో నువ్వు యాడుండావు?"

ఇంటర్మీడియట్ దగ్గరి ఎర్ర పట్టీ మీద బెత్తం పెట్టి, "ఈడ ఉండాను నానీ" అన్నాను.

"పైకి యాల పోలేదు?"

"కాళ్ళ నొప్పులు నానీ" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. హుసేన్‌బీ నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని గాజుల సైజు చూసినట్టు చూసి, "నొప్పి కాళ్ళకు కాదులే" అని కూర్చుంది.

కుప్పం

కుప్పంలో ప్రదర్శన బోర్డు స్కూలు హాల్లో జరిగింది. అక్కడ ఒకే మాటలో తెలుగు, అరవం, కన్నడం మూడూ దొర్లుతాయి. మొదటిరోజు స్కూలు పిల్లలతో వచ్చిన ఒక అమ్మాయి మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడు కూడా వచ్చింది. పేరు సరోజ. ఆ ఏడే స్కూల్ ఫైనల్ ప్యాసైంది. మూడోరోజు నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, రేపు మా నాయన వస్తాడు. నన్ను కాలేజీకి పంపేదీ లేనిదీ నీ పటం చూసినాక చెప్తానన్నాడు. బాగ చెప్పక్కా. నాది ఇంక నీ చేతుల్లోనే ఉండాది."

బాగా చెప్పడమంటే ఏమిటి? పటం ఒక్కటే. పట్టీలు పెరగవు. ఆ మాటే అన్నాను ఆ పిల్లతో. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మద్రాసు సీటు పోయిన రోజున నా మొహం అద్దంలో అచ్చం అలాగే ఉండింది.

వాళ్ళ నాన్న గోవిందప్ప చెనిక్కాయల వ్యాపారి, వేరుశనగ అంటారే, అవి. బక్కపలచటి మనిషి, మెడ చుట్టూ తువ్వాలు. మూటలు దించి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద చెనిక్కాయల పొట్టు. సరోజ వెనకాల నిలబడింది. నేను పద్ధతి ప్రకారం చెప్పుకుపోయాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుండాదమ్మా," అన్నాడు. "ఇది మాకు తెలిసిన లెక్కే. మూట కాయ ఒలిస్తే ఇంత పప్పు. పప్పు జల్లెడ పడితే ఇంత మేలురకం. దాంట్లోనూ ఏరితే పిడికెడు. అంతే కదా?"

నేను జవాబు చెప్పేలోగా ఆయనే ముందుకొచ్చి ఇంటర్మీడియట్ ఎర్ర పట్టీ మీద వేలు పెట్టాడు. "ఈడ మూరెడు ఆడబిడ్డలు ఉండారు." ఆ వేలిని ఎం.ఎ. దాకా జరిపాడు. "ఆ కొసకు పోయేతలికి ఇంత మరక. మధ్యలో బిడ్డలంతా ఏమైపోయినారమ్మా?"

చెనిక్కాయల్లో జల్లెడకు నిలవనిదంతా తాలు. తాలు పొయ్యిలోకి పోతుంది. ఆ తండ్రి భయం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చదువుకు పంపితే దారిలో ఆడపిల్లలు తాలైపోతున్నారని ఆయనకు నా పటమే చెప్పింది.

"అన్నా, ఇదంతా ఒక మూటలోది కాదు," అన్నాను. "ఒక్కో పట్టీ ఒక్కో ఏడు విత్తిన పంట. ఈ ఎం.ఎ. వాళ్ళు ఎప్పుడో బడిలో చేరినోళ్ళు. అప్పట్లో బడికి పోయే ఆడబిడ్డలే అరుదు. అందుకే ఆ పట్టీ పొట్టి. ఈ ఇంటర్మీడియట్ వాళ్ళు ఇప్పటోళ్ళు. వీళ్ళు పైకి పోయేది ఇంకా ముందుండాది."

ఆయన బుర్ర చురుకు. క్షణంలో పట్టేశాడు. "అట్లనా! అంటే ఈ మూట ఇంకా జల్లెడలోకే రాలేదు." సరోజ మొహం విప్పారింది. నేను బెత్తం దించాను. అక్కడితో ఆపేసి ఉంటే పద్ధతి తప్పేది కాదు. ఆయనే మళ్ళీ అడిగాడు.

"అయినా కొందరు రాలింటారు కదమ్మా. అందరూ పైకి పోరు. ఆ రాలినోళ్ళు యాడుండారు? ఏమైనారు?"

పటంలో ఆ సంగతి లేదు. అమ్మాళ్ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేదు.

"ఒకతి నీ ముందరే ఉండాది అన్నా. ఇంటర్మీడియట్ అయినాక మద్రాసులో సీటు వచ్చింది. నాయన పోయినాడు, తమ్ముడు చదవాల, నన్ను ఆపినారు. నేను చెడిపోలేదు, తప్పిపోలేదు. పైవాళ్ళ పట్టీలు చూపిస్తా ఊర్లు తిరగతాండాను."

గోవిందప్ప నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఇప్పుడు కూడా చదవాలని ఉండాదా?"

ఆ మాట నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, తమ్ముడు అడగలేదు.

"ఉండాదన్నా," అన్నాను. "పొద్దున లేస్తానే ఉండాది."

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు. "సూడమ్మే. పంపితే కొసదాకా పంపాల. నడిమధ్య దించేస్తే ఈమె మాదిరి అయిపోతాది బతుకు. నేను అట్ల దించను. మదనపల్లెకు పోయి చేరు."

సరోజ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకు సంతోషం వేసింది, నిజంగానే వేసింది. అదే సమయంలో ఆయన నా గురించి అన్న మాట కూడా చెవిలో వినిపిస్తూనే ఉంది. తప్పుగా అనలేదు ఆయన. నా బతుకును అంత సూటిగా వర్ణించిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

కోటలో నా ఘనకార్యం

అమ్మాళ్ తిడుతుందనుకున్నాను. ఆమె పటం మడత పెట్టడానికి ఒక కొస పట్టుకుంది. అంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఈ రోజు చెప్పావు, సరి. రేపు చెప్పవద్దు," అంది.

"ఎందుకండీ?"

"రోజూ చెబితే నీ కష్టం నీకే అప్పజెప్పే పాఠం అయిపోతుంది. తర్వాత నీకే నమ్మకం పోతుంది."

నేను విన్నానా? వెంకటగిరికోటలో మళ్ళీ చెప్పాను. ఎవరూ అడగకుండానే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చూసుకుని మరీ చెప్పాను. జనం అయ్యో అయ్యో అన్నారు, ఒకామె నాకు అరటిపండు చేతిలో పెట్టింది. పటం వైపు ఒక్కరు కూడా చూడలేదు. తమ పిల్లల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నా మీద జాలిపడి ఇంటికి పోయారు. ఆ అరటిపండు తినబుద్ధి కాలేదు. కొత్తవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. మీ బతుకులోంచి ఒక మాట చెప్పాల్సి వస్తే చెప్పండి, ఎదుటి మనిషి నిజంగా అడిగినప్పుడు. మిగతా అప్పుడు పట్టీల సంగతి చూడండి.

ఆదివారాలు

సరోజ మదనపల్లెలో బంధువుల ఇంట్లో ఉండి ఇంటర్మీడియట్ చదివింది. ఆదివారం ఆదివారం ఆ ఊళ్ళోనే ఉన్న మా ఇంటికి వచ్చేది. అమ్మ ఉగ్గాణి చేసేది. ఆ పిల్ల తింటూ ఉంటే నేను దాని పుస్తకాలు తిరగేసేదాన్ని. అవి నేను చదివినవే, కానీ పేజీల పక్కన దాని రాత కనిపిస్తే అసూయగా ఉండేది. దాచుకోవడం దేనికి, అసూయే. ఏ లెక్చరరు ఏమన్నాడు, వెనక బెంచీలో ఎవరు నవ్వారు, అన్నీ అడిగి చెప్పించుకునేదాన్ని. చెప్పిందే మళ్ళీ చెప్పమనేదాన్ని. అది విసుక్కోకుండా చెప్పేది.

ప్రైవేటుగా బి.ఎ. కట్టవచ్చు కదా అని మీరు అనవచ్చు. చాలా ఏళ్ళ తర్వాత కట్టాను, ప్యాసయ్యాను. ఆ ఏటి పటంలో బి.ఎ. దగ్గర ఎర్ర పట్టీలో నన్నూ కలిపే ఉంటారు. కలిపితే కలిపారు. నేను కోరుకున్నది పట్టీలో చోటు కాదు. పద్దెనిమిదేళ్ళప్పుడు పుస్తకాలు గుండెకు ఆనించుకుని, పక్కన నలుగురు ఆడపిల్లలతో కలిసి క్లాసులోకి పరిగెత్తడం నాకు కావాలి. అది ఏ పరీక్షా ఇవ్వదు. వయసు పోయాక ఆ కోరిక కూడా పోతుందన్నారు. పోలేదు.

కుప్పం స్టేషన్

సరోజ ఇంటర్మీడియట్ ప్యాసై, మద్రాసులో బి.ఎ.లో సీటు తెచ్చుకుంది. గోవిందప్ప మాట తప్పలేదు. రైలెక్కించే రోజు నన్ను రమ్మని కబురు పెట్టాడు. నేను పోకుండా ఉంటానా, ముందురోజే కుప్పంలో దిగాను.

బెంగుళూరు నుంచి మద్రాసు పోయే బండి ఉదయం వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలోకి మగవాళ్ళు ఎక్కకూడదు కాబట్టి గోవిందప్ప ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. ట్రంకు పెట్టె నేనూ సరోజా చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. దాన్ని బల్ల కిందకు తోసి నడుం ఎత్తేసరికి కిటికీ దగ్గరి పెద్దావిడ సర్దుకుని కూర్చుంటూ మా ఇద్దరికీ చోటు చూపించింది.

"కూచోండమ్మా, చోటుండాది. ఇద్దరూ యాడికి? చదువుకేనా?"

సరోజ నా వైపు చూసింది. నేను కూర్చున్నాను. కిటికీలోంచి గాలి వస్తోంది. ఒడిలో సరోజ పుస్తకాల సంచి ఉంది. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలియదు.

"బి.ఎ.కి పోతాండాము" అన్నాను.

"మంచి పని తల్లీ," అంది ఆవిడ. సరోజ నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. ఎంతసేపు అలా కూర్చున్నానో చెప్పలేను. గార్డు ఈల వేశాడు. సంచి దాని ఒళ్ళో పెట్టి, దాని తల నిమిరి దిగిపోయాను.

బండి కదిలింది. పెద్దావిడ కిటికీలోంచి సగం బయటికి వంగి, నన్ను చూసి గాబరాగా చెయ్యి చాపింది.

"ఎక్కు తల్లీ, ఎక్కు! అట్ల నిలబడిపోయినావేమి? నీ బండి పోతాండాది!"